గట్టెక్కిన పిల్లి

మూతలు పెడతాం, అదిలిస్తాం, చెయ్యెత్తుతాం. తెల్లారేసరికి గ్రానైట్ మీద మళ్ళీ పాదాల గుర్తులే. పిల్లికి వంటగట్టంటే అంత మోజెందుకు? పొయ్యి దగ్గరికి పోకుండా దాన్ని ఆపేదెలా?

సియోల్ నగర అగ్నిమాపక విభాగం 2021 డిసెంబరులో ప్రజలకు పిల్లుల గురించి ఒక హెచ్చరిక చేసింది. 2019 జనవరి నుంచి 2021 నవంబరు దాకా ఆ ఒక్క నగరంలోనే 107 అగ్నిప్రమాదాలకు పిల్లులే కారణమని వాళ్ళ లెక్క. నలుగురు గాయపడ్డారు. సగానికి పైగా ప్రమాదాలు ఇంట్లో మనుషులు లేనప్పుడు జరిగాయి. అధికారుల అంచనా ప్రకారం కథ ఇంచుమించు ఒకటే. పిల్లి గట్టెక్కింది, ఎలక్ట్రిక్ స్టవ్ మీద తాకితే వెలిగే బటన్ తొక్కింది, దాని దారిన అది పోయింది. స్టవ్ మాత్రం వేడెక్కుతూనే ఉంది. పక్కన కాగితమో చేతిగుడ్డో ఉంటే ఇక చెప్పేదేముంది.

2024 ఏప్రిల్‌లో చైనాలోని సిచువాన్ రాష్ట్రంలో ఒక పిల్లి ఇండక్షన్ స్టవ్ మీద కాలు వేసిన పాపానికి ఆ ఇంటికి లక్ష యువాన్లకు పైగా నష్టం వచ్చింది. మన డబ్బుల్లో పదకొండు లక్షలు దాటుతుంది. పిల్లి మాత్రం క్షేమం.

మనిషి వేలి కోసం చేసిన టచ్ ప్యానెల్ పిల్లి పాదానికి ఎలా పలికిందని ఆశ్చర్యపోనక్కర్లేదు. చర్మం తాకగానే కలిగే సూక్ష్మమైన విద్యుత్ మార్పును ఆ ప్యానెల్ పసిగడుతుంది. పిల్లికి ఒళ్ళంతా బొచ్చే అయినా పాదాల అడుగున మెత్తలు బోసిగా ఉంటాయి. దానికి చెమట పట్టేది కూడా ముఖ్యంగా అక్కడే. ఆ కాలు పడితే స్టవ్‌కు అదీ వేలే.

మనకిక్కడ ఆ బాధ లేదనుకోడానికి వీల్లేదు. హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో కొత్తగా కట్టే చాలా ఫ్లాట్లలో వంటగదికి తలుపే ఉండటం లేదు. హాల్లోంచి నేరుగా గట్టు మీదికే దారి. గ్యాస్ స్టవ్ పక్కన ఇండక్షన్ స్టవ్ కాపురం పెట్టింది. పిల్లి తీరూ మారింది. ఇదివరకు అది వీధి పిల్లి. పాలవేళకు వచ్చి, దొరికినంత తాగి, గోడ దూకి పోయేది. ఇప్పుడు డబ్బు పోసి కొన్న పర్షియన్ పిల్లి పుట్టెడు బొచ్చుతో ఇంట్లోనే పొద్దు పుచ్చుతోంది. ఇంటివాళ్ళు ఆఫీసుల నుంచి వచ్చేదాకా ఆ వంటగదికి అదే యజమానురాలు.

వెచ్చని చోటు, ఎత్తైన చోటు

పిల్లికీ పొయ్యికీ మన ఇళ్ళలో పాత చుట్టరికమే. పూట గడవని ఇంటి గురించి చెప్పాలంటే ‘పొయ్యిలో పిల్లి లేవలేదు’ అంటాం. కట్టెల పొయ్యిలో నిన్నటి బూడిద తెల్లారేదాకా నులివెచ్చగా ఉంటుంది, పిల్లి అందులో ముడుచుకుంటుంది. పొద్దున పొయ్యి రాజేసేవాళ్ళు ముందు దాన్ని లేపాలి. గ్యాస్ వచ్చాక బూడిద పోయింది గానీ పిల్లికి వెచ్చదనం మీద ఆశ పోలేదు.

పిల్లి పూర్వీకులు పశ్చిమాసియా, ఉత్తర ఆఫ్రికాల మెట్ట నేలల్లో తిరిగిన అడవి పిల్లులు. ఒంటి వేడిని కాపాడుకోడానికి అదనంగా శక్తి ఖర్చు పెట్టకుండా పిల్లి హాయిగా ఉండగలిగేది 30 నుంచి 38 డిగ్రీల సెల్సియస్ మధ్య. మనం ఏసీ 24లో పెట్టుకుని సుఖంగా ఉన్నామనుకున్న రాత్రి పిల్లి లెక్కలో సంక్రాంతి చలి. సెట్‌టాప్ బాక్సు, ఫ్రిజ్ పైభాగం, అప్పుడే ఆర్పిన స్టవ్... ఇంట్లో వెచ్చగా ఉండే చోట్లన్నీ దానికి కంఠతా వచ్చు.

అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. చర్మం వేడి 44 డిగ్రీలు దాటుతుంటే మనిషి చురుక్కుమని చెయ్యి వెనక్కి లాక్కుంటాడు. పిల్లి ముక్కు చిన్నపాటి తేడాను కూడా పట్టేస్తుంది గానీ మిగతా ఒళ్ళు అలా కాదు. చర్మం దాదాపు 52 డిగ్రీలకు చేరేదాకా అది ఇబ్బంది పడుతున్నట్టే కనిపించదు. మనం ఓర్చుకోలేని వేడి మీద అది కుదురుగా కూర్చోగలదు. ‘వేడి తగిలితే అదే దిగుతుందిలే’ అనే మాట చాలా ఇళ్ళలో వింటాం. ఆ ధీమా వదులుకోవడం మంచిది. పొడుగు బొచ్చు పిల్లులతో ఇంకో చిక్కు ఉంది. ఒంటికి సెగ తగలకముందే తోక కొసకు మంట అంటుకుంటుంది.

ఇక ఎత్తు. పిల్లి వేటాడే జంతువే గాని చిన్న జంతువు. కుక్కలకూ, తనకంటే పెద్ద మృగాలకూ అది కూడా ఎరే. పైనుంచి నాలుగు వైపులా చూడగలిగితేనే దానికి నిశ్చింత. మన వంటగట్టు నేల నుంచి మహా అయితే మూడడుగులు. ఆరోగ్యంగా ఉన్న పిల్లి పరుగెత్తకుండా, ఉన్నచోటి నుంచే అయిదడుగులు ఎగరగలదు. ఆ గట్టు దాని ముందు ఒక మెట్టు, అంతే. దానికి తోడు గట్టు పక్కనే కిటికీ, కిటికీలో పావురాలు, ఉడతలు. ఇంతకంటే మంచి సినిమా హాలు ఫ్లాట్‌లో ఇంకెక్కడ దొరుకుతుంది?

తిండి సంగతి చెప్పనే అక్కర్లేదు. పిల్లి చురుగ్గా ఉండేది తెల్లవారుజామునా, పొద్దుగూకే వేళా. మన ఇళ్ళలో పాలు కాగేదీ, రాత్రి వంటకు తాలింపు పడేదీ సరిగ్గా అప్పుడే. అయితే గట్టు మీది ప్రతి పదార్థమూ దానికి ఒకటి కాదు. పిల్లులకు తీపి రుచి తెలియదు. తీపిని పసిగట్టే జన్యువు వాటిలో పనిచేయడం లేదని అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఉన్న మోనెల్ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 2005లో కనిపెట్టారు. పాలకోవా మీద పడ్డ పిల్లి కొవ్వు కోసం వచ్చింది, చక్కెర కోసం కాదు. కొన్ని పిల్లులు తిండి కోసం కూడా రావు. సింకులో కుళాయి చుక్కలు చుక్కలుగా కారుతుంటే ఆ నీళ్ళ కోసం వస్తాయి. నిలవ నీళ్ళకంటే పారే నీళ్ళు ఇష్టపడే పిల్లులు చాలానే ఉన్నాయి. అలాంటి ఇంట్లో పిల్లికి బుద్ధి చెప్పేకంటే ప్లంబర్‌ను పిలవడం తేలిక.

తెనాలి రామకృష్ణుడి పిల్లి ఏం నేర్చుకుంది?

కథ అందరికీ తెలిసిందే. ఎలుకల బాధ పడలేక కృష్ణదేవరాయలు ఇంటికో పిల్లినీ, దాన్ని మేపడానికి ఆవునీ ఇప్పిస్తాడు. రామకృష్ణుడు తన పిల్లికి మొదటిరోజే సలసల కాగే పాలు పెడతాడు. మూతి కాలిన పిల్లి ఆ తర్వాత పాలగిన్నె కనిపిస్తే చాలు పరుగే పరుగు. రాయలవారి సభ నవ్వింది, మనమూ నవ్వాం. పిల్లి వైపు నుంచి ఒకసారి ఆలోచించండి. దాన్ని కాల్చింది వేడి. అది భయపడింది పాలకి. చల్లటి పాలు పెట్టినా పారిపోయింది.

పిల్లిని భయపెట్టి గట్టు మాన్పించాలనుకునే ప్రతి ఇంట్లోనూ ఇదే జరుగుతుంది. మనం నేర్పాలనుకున్నది ఒకటి, పిల్లి నేర్చుకునేది మరొకటి. గట్టు మీద ఉన్నప్పుడు గద్దిస్తే దానికి అర్థమయ్యేది ‘గట్టు ఎక్కకూడదు’ అని కాదు, ‘అమ్మగారు ఉండగా ఎక్కకూడదు’ అని. మీ చెప్పుల చప్పుడు వినగానే దిగిపోతుంది, మీరు నిద్రపోగానే ఎక్కుతుంది. నీళ్ళు చిమ్మే సీసాతో కొడితే ఆ సీసాను చూసి భయపడుతుంది, అది పట్టుకున్న మనిషిని చూసి కూడా భయపడుతుంది. పశువుల ప్రవర్తన తెలిసిన వైద్యులు ఆ సీసాను వద్దనేది అందుకే. ఇంకా ముఖ్యమైన మాట: పక్కన సాంబారు ఉడుకుతుండగా గట్టు మీది పిల్లిని అదిలిస్తే అది ఎటు దూకుతుందో దానికే తెలియదు. గిన్నె తలకిందులయ్యేది అప్పుడే. స్టవ్ వెలుగుతుంటే అరవకండి. మంట ఆపండి, రెండు చేతులా పిల్లిని ఎత్తి కింద దింపండి.

పిల్లి ఎలా నేర్చుకుంటుందో 1898లోనే ఒకాయన చూపించాడు. అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయ విద్యార్థి ఎడ్వర్డ్ థార్న్‌డైక్ చెక్కపెట్టెలు తయారుచేసి ఆకలిగా ఉన్న పిల్లుల్ని అందులో పెట్టాడు. బయట ఆహారం కనిపిస్తుంటుంది. లోపల ఒక తాడో మీటో లాగితే తలుపు తెరుచుకుంటుంది. మొదట పిల్లి గీరుతుంది, కొరుకుతుంది, పొరపాటున మీట నొక్కుతుంది. మళ్ళీ మళ్ళీ పెట్టగా పనికిరాని చేష్టలు ఒక్కొక్కటే రాలిపోయి, పనికొచ్చినది మిగిలింది. ఫలితం దక్కిన పనిని జంతువు మళ్ళీ చేస్తుందని ఆయన తేల్చాడు. మన వంటగది కూడా అలాంటి పెట్టే. రోజూ గట్టెక్కితే ఏదో ఒకరోజు చేపముక్క దొరుకుతుంది. ఎప్పుడో ఒకసారి దొరికే ఫలితం రోజూ దొరికేదానికంటే గట్టిగా అలవాటు చేస్తుందని తర్వాతి పరిశోధనలు చెప్పాయి. లాటరీ టికెట్లు కొనేవాళ్ళకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ఉట్టి తెలివి

పిల్లి శాపాలకు ఉట్లు తెగవని సామెత. ఆ ఉట్టిని కట్టినవాళ్ళ తెలివిని మాత్రం ఎవరూ మెచ్చుకోరు. దూలానికి తాడు, తాడు కొసన అల్లిక, అందులో పాలకుండ, దానిపైన వెన్నకుండ. గోడకు దూరంగా, పిల్లి ఎగిరినా అందనంత ఎత్తులో, పట్టు దొరక్కుండా ఊగుతూ ఉండేది. ఆ ఇంటి ఇల్లాలు పిల్లితో వాదం పెట్టుకోలేదు. కుండను కదిలించింది. ఈ విషయంలో నేను ఆవిడ పక్షమే. మార్చాల్సింది వంటగదిని.

మన ఇళ్ళలో మొదటి దోషి పాలగిన్నె. కాచి, చల్లారనిచ్చి, తోడు పెట్టేదాకా రెండు మూడు గంటలు గట్టు మీదే ఉంటుంది. జాలీ మూత ఈగల్ని ఆపుతుంది గానీ పిల్లిని ఆపదు. పంజాతో ఒక్క తోపుకే అది పక్కకు పోతుంది. వెడల్పాటి పళ్ళెంలో చన్నీళ్ళు పోసి గిన్నె అందులో పెడితే పాలు త్వరగా చల్లారతాయి. ఆ తర్వాత ఫ్రిజ్ ఉంది. వాడకంలో లేని మైక్రోవేవ్ ఒవెన్ తలుపు వేసి పెరుగు తోడేసుకునే ఇళ్ళు ఉన్నాయి. ఈ కాలపు ఉట్టి అదే. అన్నట్టు, పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు. ఇష్టంగా తాగి తర్వాత విరేచనాలు పెట్టుకుంటాయి.

రెండో దోషి సింకు. రాత్రి తిన్న పళ్ళేలు, చేపల పులుసు గిన్నె పొద్దున పనిమనిషి వచ్చేదాకా అలాగే పడి ఉంటాయి. ముళ్ళు గొంతులో గుచ్చుకోవడం ఒక్కటే సమస్య కాదు. పులుసులో ఉల్లి, వెల్లుల్లి ఉంటాయి. అవి పిల్లి ఎర్ర రక్తకణాల్ని చితికిపోయేలా చేస్తాయి, ఉడికించినా ఆ గుణం పోదు. కిలో బరువుకు 5 గ్రాముల ఉల్లి చాలు, రక్తంలో మార్పు కనిపించడానికి. నాలుగు కిలోల పిల్లికి అది చిన్న ఉల్లిపాయలో ముక్క. పులుసన్నం కలిపి పిల్లికి పెట్టే ఆప్యాయత మన ఊళ్ళలో ఇంకా ఉంది. ఆ చేపను కలపకముందే విడిగా ఉడికించి, ముళ్ళు తీసి పెట్టండి. గిన్నెల్లో నీళ్ళు పోసి వదిలేయడం కాదు, పడుకునేముందు ఒకసారి కడిగేయండి. మాంసం కోసిన చెక్కనూ, గట్టునూ సబ్బునీళ్ళతో తుడవండి. మనకు శుభ్రంగా కనిపించే రాయి మీద పిల్లి ముక్కుకు నిన్నటి రొయ్యలు తగులుతూనే ఉంటాయి. కోడి కట్టిన దారం, పూలమాల దారం గట్టు మీద వదిలితే మింగేస్తుంది. పేగుల్లో చుట్టుకుంటే ఆపరేషన్ దాకా వెళ్తుంది.

గట్టు మీద ఏమీ దొరక్కుండా చేశాక సగం పని అయినట్టు. దానికి ఎత్తు కావాలి కదా, ఆ ఎత్తు ఇంకోచోట ఇవ్వాలి. వంటగది గుమ్మం దగ్గర గట్టుకంటే ఎత్తైన స్టూలో, కిటికీ దగ్గర ఒక పలకో వేసి, పైన పాత తువ్వాలు పరవండి. మీరు కూరగాయలు తరిగేటప్పుడు పిల్లి అక్కడ కూర్చుంటే అక్కడే, ఆ క్షణమే, ఉప్పూ కారం లేని ఉడికించిన చికెన్ చిన్న పీలిక ఇవ్వండి. గట్టు మీద ఉన్నప్పుడు ఇవ్వకండి, మాట్లాడకండి కూడా. తిడితే కూడా అది పలకరింపే అనుకునే పిల్లులున్నాయి. ఒక పూటకు రెండు మూడు నిమిషాలు చాలు, కొన్ని వారాలు పడుతుంది. వంట మొదలుపెట్టేముందు దాన్ని కాసేపు తాడుతో ఆడించి, కడుపు నిండా పెడితే ఇంకా తేలిక. వేట, భోజనం, నాకడం, నిద్ర, ఇదీ పిల్లి దినచర్య. కడుపు నిండిన పిల్లి తాలింపు వేసేవేళకు కునుకు తీస్తుంది.

ఇంట్లో ఒకరు ఇలా నేర్పుతుంటే నాయనమ్మ గట్టు మీదే ‘పాపం’ అని ముక్క అందించిందనుకోండి, మళ్ళీ మొదటికే. ఇంట్లో పిల్లికంటే నాయనమ్మకు నేర్పడమే కష్టం.

పదేళ్ళు దాటిన పిల్లి ఎన్నడూ లేనిది ఆబగా గట్టు మీద పడి తింటూ, అయినా చిక్కిపోతుంటే అది అల్లరి కాకపోవచ్చు. థైరాయిడ్ ఎక్కువైన పిల్లులు అలాగే చేస్తాయి. రక్తపరీక్ష చేయించండి.

చల్లకూడనివి

పిల్లిని తరమడానికి గట్టు మీద కారం, మిరియాలపొడి చల్లమని సలహాలు ఇస్తుంటారు. అది పాదాలకు అంటుకుంటుంది, పాదాలు నాలుక మీదికి వెళ్తాయి, అక్కడి నుంచి కళ్ళలోకి. అంతకంటే ప్రమాదం ఫినైల్. కొన్ని రసాయనాల్ని విరిచి బయటికి పంపే ఒక ఎంజైమ్ పిల్లి కాలేయంలో సరిగా పనిచేయదు. మనకు మామూలు వాసనగా ఉండే ఫినాల్ రకం క్లీనర్లు దానికి విషం. నారింజ నూనె, టీ ట్రీ నూనె లాంటి గాఢమైన నూనెలూ అంతే. ఎండిన నారింజ తొక్క పెట్టి చూడొచ్చు, దానివల్ల పెద్ద ప్రమాదం లేదు, పెద్ద ప్రయోజనమూ లేదు. గట్టు అంచున కొన్నాళ్ళు రెండువైపులా అంటుకునే టేపు వేస్తే మాత్రం చాలా పిల్లులు వెనక్కి తగ్గుతాయి. కాళ్ళకు జిగట అంటడం వాటికి నచ్చదు. మనిషి లేనప్పుడు కూడా పనిచేస్తుంది కాబట్టి దీనికి ఒక విలువ ఉంది. అయితే పొయ్యి పక్కన టేపూ వద్దు, కాగితమూ వద్దు.

ఇసుక ట్రేలో తిరిగిన కాళ్ళు గట్టు మీద పడ్డాయంటే శుభ్రత సంగతి కూడా చూడాలి. టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి పిల్లి మలంలో వస్తుంది. బయటికి వచ్చాక ఒకటి నుంచి అయిదు రోజులకు గాని అంటుకునే స్థితికి రాదు. ట్రేను రోజూ శుభ్రం చేస్తే ఆ లంకె తెగిపోతుంది. గర్భిణులు ఆ పని ఇంకొకరికి అప్పగించాలి.

పొయ్యి దగ్గర

ఇండక్షన్ స్టవ్ విషయంలో మందు గోడ మీదే ఉంది. వంట కాగానే బోర్డు దగ్గర స్విచ్ ఆపేయండి. స్టవ్ మీద పవర్ బటన్ నొక్కితే సరిపోదు, పిల్లి నొక్కేది కూడా ఆ బటనే. చైల్డ్ లాక్ ఉంటే వాడండి. ఇనుము, స్టీలు గిన్నె లేకపోతే ఇండక్షన్ వేడెక్కదు, కాసేపటికి ఆగిపోతుంది. ఖాళీ కళాయిని దానిమీదే ఉంచి పోతే ఆ రక్షణ పోయినట్టే. కాయిల్ లోపల ఎర్రబడే హాట్‌ప్లేట్, ఇన్‌ఫ్రారెడ్ రకాలకు గిన్నెతో పనే లేదు, మీద ఏది ఉంటే అది కాలుతుంది. వీటి గాజు పలక ఆపాక కూడా చాలాసేపు వేడిగా ఉంటుంది, పైకి చూస్తే ఏమీ తెలియదు. గ్యాస్ బర్నర్ అయినా, గాజు పలక అయినా, ఆపిన వెంటనే దానిమీద చన్నీళ్ళు పోసిన వెడల్పాటి గిన్నె ఒకటి పెట్టేయండి. పిల్లి కాలు పెట్టడానికి చోటుండదు, వేడీ దిగుతుంది.

గ్యాస్ స్టవ్ నాబ్ లోపలికి నొక్కి తిప్పేది కాబట్టి పిల్లికి అంత సులువుగా లొంగదు. పాతబడి వదులైన నాబ్‌ను మాత్రం నమ్మకండి. మంట లేకుండా తెరుచుకుంటే గ్యాస్ కిందికి దిగుతుంది. ఎల్పీజీ గాలికంటే బరువు. నేల మీద పేరుకుంటుంది, పిల్లి పడుకునేది కూడా నేల మీదే. రాత్రి బండ దగ్గర రెగ్యులేటర్ ఆపడం పిల్లి లేని ఇంటికి కూడా మంచి అలవాటు. వెలిగే పొయ్యి మీది గిన్నెల పిడులు గోడవైపు తిప్పి ఉంచండి. మసిగుడ్డ బర్నర్ పక్కన వేలాడదీయకండి.

వీధి పిల్లికి ఈ పాఠాలేవీ పట్టవు. అది కిటికీ గుండా వస్తుంది, ఎగ్జాస్ట్ ఫ్యాన్ కన్నం గుండా వస్తుంది. రెండింటికీ జాలీ కొట్టించడమే మార్గం.

కాలితే

పిల్లి నొప్పిని దాచుకుంటుంది. మంచం కిందికి దూరి పాదాన్ని అదేపనిగా నాకుతున్నా, కాలు మోపకపోయినా, బొచ్చు కాలిన వాసన వచ్చినా చూడాలి. కాలిన చోట చల్లటి కుళాయి నీళ్ళు సన్నగా పది నుంచి ఇరవై నిమిషాలు పోయాలి. పిల్లి ఒప్పుకోకపోతే తడిగుడ్డ మారుస్తూ వేయాలి. ఐసు వద్దు. వెన్న, టూత్‌పేస్ట్, పసుపు వద్దు. అవి వేడిని లోపలే పట్టి ఉంచుతాయి, డాక్టర్ శుభ్రం చేసేటప్పుడు నొప్పి రెట్టింపవుతుంది. మనుషుల మలాము రాస్తే అది నాకేస్తుంది. బొబ్బలు లేకపోయినా వెటర్నరీ డాక్టర్‌కు అదేరోజు చూపించండి. బొచ్చు కింద గాయం ఎంత లోతుందో ఒకటి రెండు రోజుల తర్వాత గాని బయటపడదు. నొప్పి తగ్గుతుందని పారాసిటమాల్ మాత్రం వేయకండి. 500 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి పిల్లి ప్రాణం తీయగలదు. ఎవరైనా ఇప్పటికే వేసి ఉంటే ఎంత వేశారో, ఎన్నింటికి వేశారో డాక్టర్‌కు ముందు అదే చెప్పండి.